కంపోజిటర్ తీసేసిన వాక్యం

పెన్ను బావ కడుపు చల్లగా ఉండాలి! ఈ కథ విన్నాక ఎవరినైనా తిట్టాలనిపిస్తే సరిహద్దు అవతలివాళ్లని తిట్టి నోరు పాడుచేసుకోకండి. శత్రువు పని శత్రువు చేశాడు. అందుకు వాడికి జీతమిస్తారు. మన ఇంట్లో తిని, చెయ్యి కడుక్కుని, అదే చేత్తో కలం మూత తీసినవాడున్నాడు చూడండి, ఆ తిట్లన్నీ వాడికి దాచిపెట్టండి.

పెన్ను బావ నాయకుడికి ఉపన్యాసాలు రాసేవాడు. కంపోజిటర్ భార్యకి స్వయానా అన్న.

కంపోజిటర్ ఎనిమిదో క్లాసులో బడి మానేసి, ప్రెస్సులో చేరి, సీసపు అక్షరాలు పేర్చడం నేర్చుకుని, అక్కణ్నుంచి రహస్య శాఖలో తేలాడు. దొంగ పాస్‌పోర్టయినా నకిలీ స్టాంపయినా అతని చెయ్యి పడితే అసలుదే వెలవెలబోయేది. శాఖలో అతని కోడ్‌నేమ్ కూడా కంపోజిటరే.

ఏడేళ్ల కిందట అసైన్‌మెంట్ వచ్చింది. మూడో అంతస్తులో కర్టెన్లు మూసిన గది, బల్ల మీద ఒక ఫైలు, ఫైలు మీద చల్లారిన టీ. శాఖ అధిపతిని అందరూ తాత అనేవాళ్లు. తాత ఎక్కువ మాట్లాడేవాడు కాదు.

“తివాచీల కంపెనీ. విన్నావా?”

“పొరుగుదేశం వాళ్లది. పైకి తివాచీలు, లోపల గూఢచారులు.”

“లోపలికెళ్లాలి.”

“నన్ను నమ్ముతారా?”

“నమ్మాలంటే ఇక్కడ మేం నిన్ను తిట్టాలి. మైకులో.”

అది ఆ శాఖ పద్ధతి. అవతలికి పంపే మనిషిని ముందు నాయకుడి చేత బహిరంగసభలో తిట్టిస్తారు. ఇక్కడ ఎంత గట్టిగా తిడితే అక్కడ అంత పెద్ద కుర్చీ వేస్తారు. అయితే ఏ తిట్టు పడితే ఆ తిట్టు కుదరదు. తాత సొరుగులో ఒక పట్టీ ఉండేది. ‘పారిపోయినవాడు’ అంటే ఇంట్లోవాళ్ల జోలికి ఎవరూ రారు. ‘తొత్తు’ అంటే ఇంట్లోవాళ్ల ఉద్యోగాలు పోతాయి. ‘కోవర్టు’ అంటే పోలీసులు వచ్చి కూర్చుంటారు. ‘ద్రోహి’ అంటే గెజిట్‌లో పేరు పడుతుంది. ఇల్లు, వాకిలి, స్థలం సర్కారువి. మాటకొక చట్టం, చట్టానికొక మాట.

“నీకు ‘పారిపోయినవాడు’ చాలు,” అన్నాడు తాత. “తిరిగొచ్చాక నాయకుడి నోటితోనే నీ పేరు కడిగిస్తాను. నా మాట.”

కంపోజిటర్ భార్యకి ఏమీ చెప్పలేదు. చెప్పకూడదు. పొద్దున గుమ్మంలో చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ, “వచ్చేటప్పుడు సున్నం తీసుకురండి, ముందు గోడ పెచ్చులూడుతోంది,” అంది. సరేనన్నాడు. ఆ సున్నం తేలేదు.

పదో రోజున, సరిహద్దు అవతల ఒక చవక హోటల్ గదిలో, మంచం అంచున కూర్చుని రేడియో విన్నాడు. నాయకుడి గొంతు గుర్రుమంది.

“ద్రోహి! తల్లిపాలు తాగి రొమ్ము గుద్దిన ద్రోహి కంపోజిటర్!”

జనం అరుపు. అతను అలవాటుగా గడియారం చూశాడు. నలభై సెకన్లు.

నెల తరవాత రహస్య సిరాతో బావ ఉత్తరం వచ్చింది. రెండే ముక్కలు. “‘పారిపోయినవాడు’ అంటే రిహార్సల్లో చప్పట్లు రాలేదు. ఏమీ అనుకోకు.”

ఏమనుకుంటాడు? తివాచీల కంపెనీవాళ్లు మాత్రం ఎదురొచ్చి కౌగిలించుకున్నారు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అటువంటి ఇంటిదొంగ నడుచుకుంటూ తమ ఇంటికొస్తే ఎవరికి చేదు? దొంగ పాసులు ముద్రించే గది తాళాలు అతని చేతిలో పెట్టారు. ఏడేళ్లలో తన చేతికి చిక్కిన వాళ్ల మనుషుల పేర్లు ఒక్కొక్కటిగా తాతకి చేర్చాడు.

ఇక్కడి తన ఇంటి సంగతులు అతనికి ముక్కలుముక్కలుగా తెలిసేవి. ముందు గోడ మీద ఎవరో బొగ్గుతో ‘ద్రోహి’ అని రాసేవాళ్లట. ఆవిడ సున్నం వేసేది. మళ్లీ రాసేవాళ్లు, మళ్లీ సున్నం. పెచ్చులూడిన గోడ కాస్తా లావెక్కింది. తరవాత గోడతో సహా ఇల్లు పోయింది. అతని తండ్రి పోయిన రోజు ఇరుగుపొరుగు ఒక్క తలుపూ తీయలేదు. ‘ఆయనతో నాకే సంబంధమూ లేదు’ అని ఆవిడ చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. ఆ కాగితం తెచ్చినవాడు ఆవిడ అన్నే.

‘ద్రోహి’ అన్న ఆ మాట కూడా ఊరంతా పాకింది. పాలల్లో నీళ్లు కలిపితే పాలవాడు ద్రోహి. బస్సు ఆపకపోతే డ్రైవరు ద్రోహి. చీట్లపేకలో ఓడినవాడు గెలిచినవాణ్ని అనే మాట కూడా అదే. చిల్లరలా చేతులు మారి అరిగిపోయింది. అరిగినా మైకు ముందు మాత్రం చెల్లేది.

ఏడో ఏడు తాత ఆస్పత్రి మంచం పట్టాడు. పోయే ముందు నాయకుణ్ని పిలిపించుకుని మాట తీసుకున్నాడు. ఈ ఏటి మహాసభలో కంపోజిటర్ పేరు కడుగుతానని నాయకుడు ఒప్పుకున్నాడు. వాక్యం రాయమని బావకి ఆర్డరు వెళ్లింది. తాత పోయాడు. ఆయన సొరుగూ, పట్టీ, ఆయన టెలిఫోనూ బావ చేతికొచ్చాయి.

మహాసభ రోజు పొద్దున ఎనిమిదిన్నరకి కంపోజిటర్ రైలు దిగాడు. మెషిన్ మెకానిక్ వేషం. నూనె మరకల ఖాకీ, బుగ్గలు ఉబ్బేలా పెట్టుడుపళ్లు, చేతిలో స్పానర్ల పెట్టె, జేబులో తనే ముద్రించుకున్న పాసు. తన వాక్యాన్ని జనంలో నిలబడి వినాలని వచ్చాడు. అంతకుమించి ఏ ఆశా లేదు.

వెయిటింగ్ హాలులో సిల్కు కూర్చుని ఉంది. మెడకి ఎప్పుడూ పట్టు స్కార్ఫు కడుతుంది కాబట్టి ఆ పేరు. తివాచీల కంపెనీ యజమానికి సెక్రటరీ, నిజానికి తాత మనిషి. రెండు దేశాల జీతం తింటూ ఒక్క దేశానికే పనిచేసే అందగత్తె. ఇవాళ విదేశీ పత్రికా విలేకరి వేషంలో వచ్చింది. అతణ్ని చూడకుండానే పెదాలకి రంగు వేసుకుని, లిప్‌స్టిక్ బెంచీ మీద వదిలేసింది. అతను పక్కన కూర్చుని తీసుకున్నాడు. అడుగున సన్నటి కాగితం చుట్ట.

చదివాడు.

“ఇవాళా?”

“పదకొండింటికి. నాయకుణ్ని. హాల్లోనే.”

“షూటర్ ఎవరు?”

“తెలీదు. నాలుగువేల మందిలో ఒకడు. తెలిసింది సిగ్నల్ ఒక్కటే.”

“ఏంటది?”

“నాయకుడు ‘ద్రోహి’ అన్నప్పుడు.”

అతనికి వేరే వివరం అక్కర్లేకపోయింది. నాయకుడికి మాటకొక నటన ఉంది, దేశంలో పసిపిల్లలక్కూడా తెలుసు. ‘తొత్తు’ అంటే బల్ల గుద్దుతాడు. ‘వెన్నుపోటు’ అంటే చెయ్యి వీపు మీదికి పోతుంది. ‘ద్రోహి’ అంటే మాత్రం బుల్లెట్‌ప్రూఫ్ అద్దం వెనకనుంచి బయటికొచ్చి, స్టేజీ అంచుదాకా నడిచి, పిడికిలెత్తి నిలబడతాడు. జనం లేచి అరుస్తారు. నలభై సెకన్లపాటు ఆయనకి అద్దం అడ్డు ఉండదు, తుపాకీకి చప్పుడు ఉండదు.

“సెక్యూరిటీకి చెప్పు,” అన్నాడు.

“ఎవరని చెప్పను? శత్రువు సెక్రటరీననా? మీరు చెప్పండి.”

“నేనా? నన్ను చూస్తే ముందు కాల్చి తరవాత పేరడుగుతారు.”

సిల్కు నవ్వబోయి మానేసింది. “నేను బాల్కనీలో ఉంటాను. అద్దం తీసి మొహం చూసుకుంటూ. చాతనైంది నేను చేస్తాను. ఆ మాట సంగతి మీరు చూడండి మాష్టారూ.”

స్టేషన్ బయట టెలిఫోన్ బూత్‌లోంచి తాత నంబరు తిప్పాడు. పెన్ను బావ ఎత్తాడు.

“బావా, నేను.”

“ఏమోయ్. ఇవాళ నీ పండగే కదా. ఎక్కడున్నావ్?”

“ఉపన్యాసంలో ‘ద్రోహి’ అన్న మాట ఎక్కడుంటే అక్కడ తీసెయ్. ఆ మాటకి కాలుస్తారు.”

“ఎవరు చెప్పారు?”

“మన మనిషి.”

“మన అంటే ఎవరి?” బావ గొంతు నున్నగా ఉంది. “చూడు, ఆమోదమైన కాగితం అది. మూడు షీట్లలో ఉంది ఆ మాట, మూడూ చప్పట్ల చోట్లు. తీసేస్తే ఉపన్యాసం ఉప్పులేని కూర. పైగా రేపు ఎంక్వయిరీ పడితే ఎవరు చెప్పారని చెప్పను? ద్రోహి ఫోన్ చేశాడని చెప్పనా?”

“నేను ద్రోహిని కానని నీకు తెలుసు. రాసిందే నువ్వు.”

“రాసి రాసి నాకూ అలవాటైందోయ్,” అన్నాడు బావ. “సాయంత్రం మాట్లాడుకుందాం.” పెట్టేశాడు.

తొమ్మిదీ యాభై.

బావ పెట్టిన రూలు ఒకటుంది. ఉపన్యాసం బయటికి పొక్కకుండా, సభ రోజు పొద్దునే హాలు నేలమాళిగలోని ప్రెస్సులో కంపోజ్ చేసి, వేడివేడిగా నాయకుడి బల్ల మీదికి పంపాలి. నాయకుడికి చూపు ఆనదు, కళ్లజోడు పెట్టుకోడు, పరువు. అందుకని బొటనవేలి గోరంత అక్షరాలతో పదకొండు షీట్లు. ముందుగా చదవడు. కాగితం ఏమంటే నోరు అదే అంటుంది.

పాసు చూపించి, మెషిన్ రిపేరని చెప్పి, మెట్లు దిగాడు. సిరా, కిరసనాయిలు, తడి కాగితం కలిసిన వాసన కొట్టింది. ఏడేళ్లలో మొదటిసారి ఇంటికొచ్చినట్టనిపించింది. ప్రెస్సులో ఒక్క మనిషే ఉన్నాడు, ముసలి మేస్త్రీ. పదమూడేళ్ల వయసులో అతనికి అక్షరాల గళ్లు చూపించింది ఈయనే.

“మెషిన్ బాగానే ఉందయ్యా. ఎవరు పంపారు?”

అతను జవాబు చెప్పకుండా మూడో షీట్ ఫారం, అంటే అచ్చుకి బిగించిన సీసపు అక్షరాల చట్రం, దగ్గరికెళ్లి, బిగింపు వదులుచేసి, ఎడమ చేత్తో అక్షరాలు లాగడం మొదలుపెట్టాడు. మేస్త్రీ పరుగున వచ్చాడు. వచ్చి, తను పని నేర్పిన ఆ ఎడమ చెయ్యి చూసి ఆగిపోయాడు.

“నువ్వా!”

“నేనే మేస్త్రీ. టైము లేదు. నన్ను నమ్ము.”

“నమ్మకద్రోహిని నమ్మమంటావుట్రా? ఏడేళ్లు! నీకు పని నేర్పానని నాకు ఇంక్రిమెంట్ ఆపారు. నీ పెళ్లాం ఆస్పత్రి లాండ్రీలో రోగుల దుప్పట్లు ఉడకబెడుతోంది. కూత పెడతాను, పైన గార్డులున్నారు.”

“పెట్టు. ముందు వాక్యం పూర్తిచెయ్యనీ.”

ఆ జవాబు మేస్త్రీని కట్టేసింది. పని మధ్యలో వదలనివాడంటే ఆయనకి ఒక బలహీనత. మూడో షీటులో ‘ద్రోహులు’ పోయి ‘తొత్తులు’ వచ్చింది. ఆరో షీటులోనూ అంతే. నాయకుడు బల్ల గుద్దుకుంటాడు, గుద్దుకోనీ.

“ఆ మాట వినగానే అద్దం దాటి బయటికొస్తాడు. వస్తే కాలుస్తారు,” అన్నాడు కంపోజిటర్, చేతులు ఆపకుండా.

పదో షీటు. అక్కడ అతని చేతులు ఆగాయి. సీసంలో తలకిందులుగా, తిరగేసి ఉన్న వాక్యాన్ని మామూలు కాగితంలా చదువుకున్నాడు.

‘ఏడేళ్లుగా మనం ద్రోహి అన్న కంపోజిటర్ ద్రోహి కాడు. నేను పంపితే వెళ్లిన మన మనిషి.’

“పొద్దున్న నేనే పేర్చాను,” అన్నాడు మేస్త్రీ. “నిజమని నమ్మలేదు. మీ బావ ఏదో ఎత్తు వేశాడనుకున్నా. అయినా కళ్లు ఊరుకోలేదురా.”

కంపోజిటర్ ‘ద్రోహి’ రెండుచోట్లా తీశాడు. ‘కంపోజిటర్ మన మనిషి’ అని మిగిల్చాడు. చాలు. అంతకంటే ఏం కావాలి? బిగించబోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నాలుగో ఏట ఒక వంతెన ప్రారంభోత్సవం. కాగితం మీద ‘కంపోజిటర్ లాంటివాళ్లు’ అనే ఉందని తరవాత తెలిసింది. రేడియోలో మాత్రం నాయకుడు ‘ద్రోహి కంపోజిటర్ లాంటివాళ్లు’ అన్నాడు. ఏడేళ్లు కలిపి అని అని ఆ రెండు మాటలూ ఆయన నోట్లో అతుక్కుపోయాయి. పేరు కంటపడితే చాలు, ఆ మాట దానంతటదే వచ్చేస్తుంది, కాళ్లు వాటంతటవే నడుస్తాయి.

పేరుంటే నాయకుడు బతకడు.

పదీ ముప్ఫైఆరు. పైన కుర్చీలు జరుపుతున్న చప్పుడు.

ఎంతసేపు నిలబడ్డాడో మేస్త్రీ లెక్కపెట్టలేదు. బహుశా అరనిమిషం. ఆ అరనిమిషంలో లావెక్కిన గోడ ఒకసారి, గుమ్మంలో నిలబడి సున్నం అడిగిన మనిషి ఒకసారి కళ్లముందు తిరిగి ఉంటారు. తరవాత ఎడమచేత్తో ఆ రెండు వాక్యాలూ, తీసిన మాటలతో సహా, ఒక్కో అక్షరమూ పైకెత్తి బల్ల మీద పెట్టాడు. షీటు మధ్యలో ఖాళీ పడింది.

“ఇక్కడ ఏదైనా పెట్టాలి మేస్త్రీ.”

మేస్త్రీ అలమరలోంచి, ఎప్పుడు ఏ షీటు చిన్నదైనా నింపడానికి దారంతో కట్టి ఉంచే వాక్యం ఒకటి తెచ్చి ఇచ్చాడు: ‘దేశం కోసం అందరూ కష్టపడి పనిచేయాలి.’ సరిగ్గా సరిపోయింది. అది ఎక్కడైనా సరిపోతుంది.

“ద్రోహివైతే ఈ వాక్యం తీసేవాడివి కాదురా,” అన్నాడు ముసలాయన, వేలితో కళ్లు తుడుచుకుంటూ. బుగ్గ మీద సిరా గీత పడింది.

పదీ యాభైఎనిమిదికి షీట్లు పైకెళ్లాయి.

నేలమాళిగ గోడకి, స్టేజీ మట్టానికి, ఇనప జాలీ ఉంది. అందులోంచి నాయకుడి నల్లబూట్లు, అద్దం అడుగు అంచు కనపడతాయి. కంపోజిటర్ ఒక పెట్టె ఎక్కి చూస్తూ నిలబడ్డాడు. మూడో షీటు. బల్ల దబ్బుమంది. బూట్లు కదల్లేదు. ఆరో షీటు. బల్ల దబ్బుమంది. పదో షీటులో దేశం కోసం అందరూ కష్టపడి పనిచేయాలి. ఎవరో ఆవలించారు కూడా.

పదకొండో షీటు అయిపోయింది. చప్పట్లు పొడిపొడిగా పడి ఆగాయి. నాయకుడికి ఇది అలవాటు లేదు. పోయిన చప్పట్లు వెతుక్కుంటున్నట్టు ఒక బూటు పక్కకి జరిగింది. రెండో బూటు అద్దం అంచు దాటింది.

కంపోజిటర్ జాలీ పట్టుకున్నాడు. అరిచినా వినపడదు.

పైన బాల్కనీలోంచి తళుక్కున ఒక వెలుగు చుక్క హాల్లోకి దిగింది. మరుక్షణం ఏదో బరువైన ఇనుము నేల మీద పడి దొర్లింది. ఆ తరవాత కేకలు, గార్డుల బూట్లు, కుర్చీలు విరిగిన చప్పుడు. నల్లబూట్లని ఎవరో ఎత్తుకుపోయినట్టు లాక్కుపోయారు. తుపాకీ పేలలేదు.

పది నిమిషాలకి పెన్ను బావ మెట్లు దిగొచ్చాడు. చేతిలో పదో షీటు, మొహంలో నెత్తురుచుక్క లేదు.

“ఏడో వరసలో ఒకడు. చప్పట్లు కొట్టకుండా కోటులో చెయ్యి పెట్టుకుని లేచాడట. కళ్లలో వెలుగు పడితే ఆ చెయ్యే అడ్డం పెట్టుకున్నాడు. తుపాకీ జారిపోయింది,” అన్నాడు. తరవాత అతణ్ని చూశాడు. “నువ్వు చెప్పింది నిజమేనోయ్.”

“నా వాక్యం రేపు రేడియోలో చదివించు బావా.”

బావ స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు షీటు మడిచాడు, విప్పాడు.

“సాయంత్రం బులెటిన్‌లో కుట్ర ఎవరిదో రాయాలి. తివాచీల కంపెనీ అని రాస్తే లోపలి మనిషి ఎవరో చెప్పారని వాళ్లకి తెలిసిపోతుంది. ఆ సిల్కు పేరు తాత సొరుగులో చూశాను, ఇవాళే రైలెక్కి వెనక్కి వెళ్తోంది. స్టేషన్‌లోనే పీక కోస్తారు. నిన్ను మంచివాడని రాసినా వాళ్ల అనుమానం ఆ సిల్కు మీదికే పోతుంది.”

“అయితే?”

“ఒక పేరు కావాలి.” బావ తల ఎత్తలేదు. “నీది ఎలాగూ పాడైన పేరే. కొత్త పేరు పాడుచెయ్యడం దేనికి? ఒక్క ఏడాది ఓపిక పట్టు.”

మేస్త్రీ స్పానర్ ఎత్తాడు. కంపోజిటర్ ఆ చెయ్యి పట్టుకుని దించాడు. బావని తిట్టడానికి నోరు తెరిచాడు, పెట్టుడుపళ్లు అడ్డొచ్చాయి. తీసి జేబులో వేసుకున్నాడు. అప్పటికి తిట్లు అయిపోయాయి.

“నేను పేర్చనురా ఆ మాట,” అన్నాడు మేస్త్రీ. “చేతులు విరగ్గొట్టుకుంటాను గానీ పేర్చను.”

“నువ్వెందుకు? నేనే పేరుస్తాను.”

ఎడమచేత్తో ఒక్కొక్క అక్షరం తీసి, లైను పేర్చే ఇనప స్టిక్కులో పెట్టాడు. ‘ద్రోహి కంపోజిటర్ పన్నిన హత్యాయత్నం భగ్నం.’ అక్షరాల మధ్య సందులు సరిచూశాడు. తప్పులేదు. అంత శుభ్రంగా పేర్చిన లైను ఆ ప్రెస్సులో ఆ ఏడాది ఇంకొకటి లేదని మేస్త్రీ ఇప్పటికీ చెప్పుకుంటాడు.

మధ్యాహ్నం రైలుకి మెకానిక్ సరిహద్దు వైపు వెళ్లిపోయాడు. ఆస్పత్రి లాండ్రీ రైలు పట్టాల పక్కనే. ఆవిరి కమ్మిన కిటికీల వెనక ఎవరో దుప్పటి పిండుతున్నారు. ఆవిడో కాదో.

సాయంత్రం మేస్త్రీ ఆ లాండ్రీకి వెళ్లాడు. బల్ల మీద మిగిలిన రెండు వాక్యాలనీ సరిగ్గా పేర్చి, దారంతో కట్టి, చేతిరుమాలులో చుట్టి తీసుకెళ్లాడు.

“ఏంటి బాబాయ్ ఇది? ఇంత బరువు,” అంది ఆవిడ.

“చదువమ్మా.”

సీసపు అక్షరాలు తిరగేసి ఉంటాయి, అందరూ చదవలేరు. ఆవిడ కంపోజిటర్ పెళ్లాం కాబట్టి చదివింది. రెండోసారి వేలితో తడుముతూ చదివింది. అవతల గదిలో రేడియో బులెటిన్ చదువుతోంది, ద్రోహి కంపోజిటర్ అంటోంది. “దాన్ని కట్టెయ్యమంటావా?” అన్నాడు మేస్త్రీ. “ఉండనీ బాబాయ్,” అంది ఆవిడ, “బతికున్నారని తెలుస్తోంది కదా.”

బావ చెప్పిన ఆ ఒక్క ఏడాది ఇంకా పూర్తికాలేదు. ఈలోగా పెన్ను బావకి నమ్మకమైన సేవకి గుర్తింపుగా సర్కారు ఒక స్థలం ఇచ్చింది. గెజిట్ చూసినవాళ్లు చెప్పారు: రెండు గదులు, ఒక బావి, సున్నం పొరలతో లావెక్కిన ముందు గోడ, మొత్తం నూట అరవై ఎనిమిది గజాలు.